మూడు కొట్టి, ఆగి, రెండు

మా వైపు అంట్లు తోమే పొడి అంగట్లో కొనే పని లేదు. నేల తవ్వితే వస్తుంది. ఎర్రమట్టి కింద తెల్లగా, జల్లించిన పిండి లాగా ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటుంది. ఎంత మాడిన సట్టి అయినా దాంతో రెండు రుద్దులు రుద్దితే మొహం చూసుకోవచ్చు. మా మనవరాలు సుభాషిణి పెద్ద చదువులు చదివొచ్చి, ఒకరోజు అంట్ల దగ్గర కూర్చుని, ఆ పొడి అరచేతిలో పోసుకుని చెప్పింది.

"అవ్వా, ఇది బూడిద. డెబ్బై నాలుగు వేల ఏళ్ళ కింద సముద్రాల అవతల సుమత్రాలో ఒక కొండ పేలింది. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి మన జుర్రేరు వాగు లోయలో పడింది."

"మన గిన్నెలు తోమడానికి అంత దూరం నుంచి వచ్చిందా పాపం!" అన్నాను.

నవ్వింది పిల్ల. నేను మాత్రం చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేశాను. కాలిన కొండని ముప్పై ఏళ్ళు గంపల్లో మోశానని నాకెవరూ చెప్పలేదు మరి.

మేం వడ్డెరవాళ్ళం. మట్టీ రాయీ మా పని. ఆ రోజుల్లో తెల్లపొడికి లారీలొచ్చేవి. పొడి మీద రెండు నిలువుల ఎర్రమట్టి ఉంటుంది. పైనుంచి తీయాలంటే మిషన్లు కావాలి, మాకెక్కడివి? వాగు గట్టు పక్కనుంచి అడ్డంగా తొలుచుకుంటూ పోయేవాళ్ళం. ఆ బొరియని గవి అంటాం. లోపల ఒకరు గడ్డపారతో పొడిచి రాల్చాలి, వెనక ఒకరు గంపకెత్తాలి, బయట ఒకరు జల్లెడ పట్టాలి. ముక్కుకి పాత చీర పేలిక. పేలికలోంచి కూడా దూరిపోయేది అనుకోండి, ఇప్పటికీ తెల్లారి దగ్గితే గొంతులో గరగరమంటుంది.

లోపలున్న మనిషి గంపకొకసారి గడ్డపారతో గోడని కొట్టాలి. మూడు కొట్టి, ఆగి, రెండు. అంటే "ఉండాను" అని. బయటి మనిషి రెండు కొట్టి, ఆగి, మూడు కొట్టాలి. "విన్నాం, వస్తాండాం" అని. పాలు తాగే పిల్లలకి కూడా మా దగ్గర ఆ లెక్క తెలుసు. ఉయ్యాల చెక్క మీద అట్లనే తట్టి నిద్రపుచ్చేవాళ్ళం.

గవి కూలితే ఇంకో పద్ధతి. అందరూ పనిముట్లు కింద పెట్టి నోళ్ళు మూసుకోవాలి. లోపల చిక్కిన మనిషికి దగ్గరి రక్తసంబంధం ఎవరుంటే వాళ్ళు గడ్డపారని నేలలోకి దించి, పై కొనని పళ్ళతో కరిచిపట్టుకుని వినాలి. చెవికందని చప్పుడు పంటికి అందుతుంది. ఆ మనిషి "ఉంది" అంటే తవ్వుతారు. "లేదు" అంటే ఆపేస్తారు. పై మట్టి ఇంకా జారుతుంటుంది కదా, తవ్వబోయినవాళ్ళు కూడా పోతారని పెద్దోళ్ళు పెట్టిన కట్టడి.

మా చెల్లెలు మద్దమ్మ మీద గవి కూలిన రోజు గడ్డపార కరిచింది నేనే. లేదన్నదీ నేనే. దానికప్పుడు ఎనిమిది నెలల ఆడపిల్ల. ఆ పిల్లని నేను పెంచాను, పెళ్ళి చేశాను. ఆ పిల్ల కూతురే సుభాషిణి. రక్తానికి మద్దమ్మ మనవరాలైనా నన్నే అవ్వా అంటుంది, నా ఇంట్లోనే ఉంటుంది.

సుబా పనిచేసేది బేతంచెర్ల దారిలో, మూతబడిన నాపరాళ్ళ పాలిష్ షెడ్డులో. సర్కారువాళ్ళు అద్దెకు తీసుకుని లోపల కిటికీ లేని గది ఒకటి కట్టారు. పెద్ద సారు పేరు చక్రపాణి. మంచివాడే, కానీ అన్నం ముందు పెట్టుకుని కూడా కంప్యూటరు వైపు చూస్తూ చేయి పప్పులో కాకుండా నీళ్ళలో పెట్టే రకం. సుబాది కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండు నెలలకొకసారి ఉంటుందో ఊడుతుందో అని గుండెలు అరచేతిలో పెట్టుకునేది. నేను రోజూ క్యారియరు, టీ ఫ్లాస్కు పట్టుకుని షేరు ఆటోలో పోయేదాన్ని. పోనుపోను వాళ్ళకి నేనో కుర్చీ లాగా అలవాటైపోయాను.

ఆ గదిలో ఉన్న యంత్రానికి ఇంగ్లీషులో ఏదో బారెడు పేరుంది. నేను తిరగలి అనేదాన్ని. అచ్చం అట్లనే, అడుగున నల్లరాతి దిమ్మె, దాని మీద రెండు గుండ్రటి బిళ్ళలు. బిళ్ళల మధ్య పొడి పోసి మెల్లగా వేడి చేస్తారు.

"ఏం విసురుతుందే ఇది?" అనడిగాను.

"బూడిద రేణువంటే సన్నటి గాజుముక్క అవ్వా. రాలి ఒకదాని మీద ఒకటి కుదురుకునేటప్పుడు చుట్టూ ఉన్న చప్పుడూ వెలుతురూ దానికి అంటుకుంటాయి. తడి గచ్చు మీద కోడి నడిస్తే కాళ్ళ గుర్తులు పడవా, అట్ల. మళ్ళీ సన్నగా వేడి చేస్తే అవన్నీ బయటికొస్తాయి. ఒక్కసారే. చెప్పడం అయిపోయాక కరిగి పూసయిపోతుంది. పూస ఇంకేం చెప్పదు."

"అదే పొడి మళ్ళీ ఇంకోసారి రాలితే?"

"పాతది చెరిగి కొత్తది పడుతుందేమో, పలక మీద లాగా. వేల ఏళ్ళుగా నేలలో ఉన్నదాన్ని మళ్ళీ ఎవరు రాలుస్తారవ్వా?" అంది, క్యారియరు మూత తీస్తూ.

మొదటిసారి తిరగలికి పోసింది మన పొడి కాదు. అండమాన్ దగ్గర సముద్రంలో నిప్పులు కక్కే దీవి ఒకటుందట. నెల కింద అది పేలినప్పుడు దగ్గర్లో ఉన్న పడవ మీద రాలిన బూడిద. ఆ పడవలో వంటచేసే కూర్మారావనే సిక్కోలు మనిషి ఒక స్టీలు డబ్బాలో పోసి, తనే పట్టుకొచ్చాడు. ఆరడుగుల మనిషి, అరచేతులు రోటి అంత. సారు అతన్ని కూడా గదిలో కూర్చోబెట్టుకుని తలుపు వేశాడు. నన్ను బయటికి పొమ్మనడం మరిచిపోయాడు.

తలుపు వేస్తే ఆ గదిలో కన్ను పొడుచుకున్నా కనబడదు. బిళ్ళలు వేడెక్కాయి. ఎదురుగా ఉన్న తెల్లగోడ మీద మెల్లగా వెలుతురు పాకింది. సముద్రం, నల్లగా. దాని మధ్యలో కొండ. కుంపటి ఊదినట్టు కొండ నోట్లోంచి ఎర్రగా లేచింది, వంగి, కాలువలాగా జారి సముద్రంలో పడింది. పడిన చోట ఆవిరి లేచి ఆకాశమంతా మూసేసింది. చప్పుడు చెవుల్లోకి రాలేదు, కాళ్ళలోంచి ఎక్కి రొమ్ములో కూర్చుంది. పొడి రాలుతూనే ఉంది. పడవ మీద, తాడు మీద, ఎవరిదో చొక్కా భుజం మీద. పట్టపగలు చీకటైపోయింది. నాకు ఊపిరందలేదు. పేలిక కోసం చేయి దానంతటదే ముక్కు దగ్గరికి పోయింది.

అంత జరుగుతుంటే కూడా, నా బుద్ధి ఎక్కడికి పోతుంది? గ్లాసుల్లో పోసిన టీ అట్లనే ఉందని గుర్తొచ్చింది. "టీ చల్లారిపోతాంది, తాగి ఏడవండి!" అని అరిచాను.

కూర్మారావు చేతిలో గ్లాసు కింద పడింది.

"ఈ గొంతే! బాబోయ్, ఈ గొంతే!" అని లేచి నిలబడ్డాడు. "ఆ రోజు డెక్కు మీద బూడిద పడతంటే ఇన్నానండీ. ఈ మాటే. ఎవలికి సెప్పినా నవ్వినారు. నానైతే సచ్చిపోనాననుకున్నాను. మా యమ్మే పైనించి టీకి పిలస్తందనుకున్నాను!"

సారు పడీపడీ నవ్వాడు. ఎండదెబ్బ అన్నాడు, భయంలో మనిషి ఏదైనా వింటాడు అన్నాడు. సుబా మాత్రం నవ్వలేదు. నోటుబుక్కు తీసి రాసుకుంది. "వేడెక్కిన రేణువు చెప్తూ చెప్తూనే వింటోందా? విన్నది అప్పటికి చేరుస్తోందా?" అని రాసి, కింద రెండు గీతలు గీసింది. నాకు చదివి వినిపించింది కూడా. కూర్మారావు పోతూపోతూ, "అమ్మా, మీ టీ నెల ముందరే నాకందింది, బాగుంది" అని దండం పెట్టి పోయాడు.

ఆ తర్వాత మన లోయ పొడి. పాత గుంత అడుగున ఎవరూ ముట్టని పొర నుంచి పిడికెడు తెచ్చారు. గోడ మీద వెలుతురు రాగానే నేను కూర్చున్నదాన్ని లేచాను. "అదిగో మన ఎర్రగుట్ట!" అన్నాను. చెట్లు వేరు, వాగు వెడల్పు. కానీ గుట్ట వంపు అదే, ఎక్కడైనా గుర్తుపడతాను. మధ్యాహ్నమే, కానీ సందె వేళ మాదిరి బూడిదరంగు. పైనుంచి పిండి జల్లిస్తున్నట్టు రాలుతోంది. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. దుప్పుల్లాంటి జంతువులు పది దాకా వాగులో నిలబడి ఉన్నాయి. దగ్గుతున్నాయి. మనుషుల్లాగే దగ్గుతున్నాయి. ఎటు పోయినా అదే పొడి, ఏ వైపు పోవాలో తెలియక ఒకే చోట గుండ్రంగా తిరుగుతున్నాయి. దుప్పిపిల్ల ఒకటి కూలబడింది. తల్లి దాని వీపు నాకుతోంది, నాకిన చోట మళ్ళీ తెల్లగా పడుతోంది, మళ్ళీ నాకుతోంది. రెండు గంటలు చూశాం.

దీపం వేశాక సారు ఒక్కటే మాట అన్నాడు. "మనుషులు కావాలమ్మా. మనిషి కనబడితేనే ఢిల్లీ వాళ్ళు కదులుతారు."

ఆ తర్వాత వారం నాకు దగ్గు, జ్వరం. ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు సుబా ఎగురుకుంటూ వచ్చింది.

"అవ్వా, మనిషి దొరికాడు!"

నేను పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్నాను. పక్కన కూలబడి ఊపిరి తీసుకోకుండా చెప్పింది. కొత్త చోటు నుంచి పెద్ద ముద్ద ఒకటి తెచ్చారట. దాంట్లో కొంత భాగం వేడి చేశారట. వెలుతురేమీ లేదట, ఉత్త చీకటి. కానీ చప్పుడుందట. మనిషి ఊపిరి. రాయితోనో కట్టెతోనో కొడుతున్న చప్పుడు. బూడిద కింద చిక్కుకున్న ఆదిమానవుడు సాయం కోసం కొడుతున్నాడు, ప్రపంచంలో ఇంతకంటే పాత మనిషి చప్పుడు ఎవరూ వినలేదు అని సారు ఏడ్చేశాడట. మిగతా ముద్ద ఆపి పెట్టారు. సోమవారం ఢిల్లీ నుంచి పెద్దమనుషులొస్తారు, వాళ్ళ ముందు వేడి చేస్తారు. లోయలో పెద్ద ల్యాబు కడతారు. సుబా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

"ఫోనులో ఎక్కించుకున్నాను, విను."

విన్నాను. ముందు ఊపిరి. గరగర. తర్వాత, మూడు. ఆగి, రెండు.

రొట్టె పెనం మీద మాడి పొగ లేచింది. సుబా "అవ్వా, రొట్టె!" అంటోంది.

"ఆ ముద్ద యాడ నుంచి తెచ్చినారే?"

"మూడో కుంట పక్కన. కూలిపోయిన పాత గవి ఒకటుంది కదా, దాని లోపల..." అని, నా మొహం చూసి ఆగిపోయింది.

వేల ఏళ్ళుగా నేలలో ఉన్నదాన్ని ఎవరు రాలుస్తారని అడిగింది కదా. మేమే రాల్చాం. మా గవి కూలినప్పుడు ఆ పొడి రెండోసారి రాలింది, రెండోసారి కుదురుకుంది. కొండ పేలిన రోజు చెరిగిపోయి, మా చెల్లెలి చప్పుడు దాని మీద పడింది.

అప్పుడు చెప్పాను సుబాకి, ఎవరికీ చెప్పనిది. నలభై ఆరేళ్ళు దాచింది.

ఆ రోజు మేస్త్రీ గిడ్డయ్య అందర్నీ ఆపి, గడ్డపార దించి, "ఉసేనమ్మా, కరిచిపట్టు" అన్నాడు. మా ఆయన తిక్కయ్య అప్పటికే నడుముకి తాడు కట్టుకుని గవి ముందు నిలబడ్డాడు. నేను "ఉంది" అంటే లోపలికి దూరేది ఆయనే. పైన మట్టి జరజరా రాలుతోంది. నేను కరిచాను. చప్పుడొచ్చింది. వచ్చింది నాకు. దబదబమని. నా గుండేనో, అదేనో. ఇంకోసారి విందామంటే భయం. వింటే తెలిసిపోతుంది కదా. నేను మా ఆయన నడుముకున్న తాడు చూశాను. "లేదు" అన్నాను.

గుండె మూడు కొట్టి, ఆగి, రెండు కొట్టదు. ఆ సంగతి నాకప్పుడూ తెలుసు.

నలభై రోజుల తర్వాత లారీల దారి కోసం ఆ గట్టు తవ్వినప్పుడు మద్దమ్మ దొరికింది. గోళ్ళు విరగలేదు. గడ్డపార పక్కన నీటుగా పెట్టి ఉంది. ముక్కు పేలిక నాలుగు మడతలు పెట్టి తలకింద పెట్టుకుని, పక్కకి తిరిగి పడుకుని ఉంది, పని అయిపోయి కునుకు తీస్తున్నట్టు. "చూడు, ఒక్క క్షణంలో పోయింది, బాధపడలేదు" అన్నాడు గిడ్డయ్య. ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను. ఇప్పుడా మాట కూడా పోయింది. ఒక్క క్షణంలో పోయిన మనిషి అట్ల కొట్టదు కదా.

సుబా మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. తర్వాత, "ఎంతసేపు కొట్టిందో ఆ ముద్దలో ఉంటుందవ్వా. ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు మిగిలింది" అంది.

"సోమవారం పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని, మినరల్ వాటర్ తాగుతా వింటారు. కదా?"

సుబా పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"సుబా, నన్ను ఆ తిరగలి ముందు కూర్చోపెట్టు. ఒక్కసారి జవాబు కొట్టనీ."

"జరిగిపోయింది అవ్వా అది. పోయిన మనిషి."

"కూర్మారావుకి నా టీ అందలేదా?"

"ఒక్కసారే చెప్తుంది. ఇప్పుడు వాడితే సోమవారానికి పూస తప్ప ఏమీ మిగలదు. నా ఉద్యోగం పోతుంది. సారు పదేళ్ళ పని పోతుంది." ఆ మాటలంటూనే ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టింది ఆ చప్పుడు. మూడు, ఆగి, రెండు. తన తల్లి ఉయ్యాల మీద విన్న తట్టుడు, తను విన్న తట్టుడు. నేనే తట్టాను ఇద్దరికీ.

"ఆదిమానవుడని నేనే పేపరు రాశానవ్వా" అంది. "మా అమ్మమ్మని పట్టుకుని."

ఆదివారం పొద్దున సారు పెద్దమనుషుల్ని తీసుకురావడానికి కర్నూలు పోయాడు. నేను అటక మీదున్న నా గడ్డపార దించి, చీరలో చుట్టి, షేరు ఆటోలో ఎక్కాను. "ఎవర్ని పొడవడానికి అవ్వా?" అన్నాడు ఆటో అబ్బాయి. "టికెట్టు ఎక్కువ అడిగేవాళ్ళని" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వే ఆ రోజు చూసిన చివరి వెలుతురు.

సుబా తలుపు వేసింది. చీకటి. నలభై ఆరేళ్ళ కింద నా చెల్లెలున్న చీకటి ఇట్లనే ఉంటుందనుకున్నాను. గది వేడెక్కింది. చెమట కళ్ళలోకి కారుతోంది. నేను తడుముకుంటూ తిరగలి రాతి దిమ్మె మీద గడ్డపార మొన ఆనించి, పై కొన కరిచిపట్టుకున్నాను. అదే ఇనుము రుచి. అదే తుప్పు.

ముందు ఊపిరి వినబడింది. పంటిలోంచి నా తలలోకి వచ్చింది. తర్వాత మాట. తిరగలికి తగిలించిన స్పీకరులోంచి సన్నగా, గాలి లేని గొంతు.

"పాపకి పాల వేళయింది."

సుబా చేయి నా భుజం మీద పడింది. ఆ పాప తన తల్లి.

మూడు దెబ్బలు. ఆగి, రెండు.

నేను కరిచింది వదిలి, గడ్డపార ఎత్తి దిమ్మె మీద కొట్టాను. రెండు, ఆగి, మూడు. ఆగాను. ఊపిరి అట్లనే నడుస్తోంది. వినలేదు. ఇంకోసారి కొట్టాను. ఏమీ లేదు. మద్దమ్మ మళ్ళీ కొట్టింది, ఈసారి మెల్లగా. చేయి అలిసిపోయింది, తెలుస్తోంది.

"వేడి చాలట్లేదు" అంది సుబా చీకట్లోంచి. "పెంచితే బాగా వింటుంది. కానీ ముద్ద తొందరగా కరిగిపోతుంది. రెండు గంటలది పది నిమిషాల్లో అయిపోతుందవ్వా."

"పెంచు."

"ఆ తర్వాత ఏమైందో మనకి ఎప్పటికీ తెలియదు."

"మనకి తెలియడానికి రాలేదే మనం. పెంచు."

పెంచింది. గాజు కరిగే వాసన వచ్చింది. చప్పుళ్ళు దగ్గరయ్యాయి, మద్దమ్మ నా పక్కనే కూర్చుని ఊపిరి తీస్తున్నట్టు. నోరు తెరిచి పిలవచ్చు కదా అని మీరనుకుంటారు. నా టీ కేక అంత దూరం పోయినప్పుడు, "మద్దీ" అన్న పిలుపు పోదా? పోతుంది. అందుకే పిలవలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుంది, నా ఏడుపు వింటే దానికి తెలిసిపోతుంది. పుట్టినప్పటి నుంచి నా ఏడుపులన్నీ దానికి తెలుసు.

గడ్డపార రెండు చేతులతో పట్టుకున్నాను. రెండు. ఆగి, మూడు.

ఊపిరి ఆగింది.

నా ఊపిరి కూడా ఆగింది. చీకట్లో మేమిద్దరం, మట్టికి ఆ పక్కన అది, ఈ పక్కన నేను.

మూడు, రెండు! తొందర తొందరగా, తడబడుతూ.

రెండు, మూడు.

అప్పుడు నవ్వింది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో దొరికిపోతే నవ్వినట్టు, దగ్గుతూ నవ్వింది. "అక్కా" అంది. "నువ్వేనా? నాకు తెలుసు లే. వస్తావని తెలుసు." ఇంకాస్త దగ్గి, "నిదానంగా రాండి. పైన మట్టి మంచిది కాదు. బావని తొందరపడొద్దను" అంది.

బావంటే మా ఆయన. నడుముకి తాడు కట్టుకున్న మనిషి.

నేను మళ్ళీ కొట్టాను. విన్నాం, వస్తాండాం. మళ్ళీ. వస్తాండాం. అవతల ఇనుము నేల మీద పెట్టిన చప్పుడైంది, జాగ్రత్తగా, మంచి పనిముట్టుని పెట్టినట్టు. తర్వాత బట్ట మడత పెడుతున్న సవ్వడి. ఒకటి, రెండు, మూడు, నాలుగు మడతలు. తర్వాత పక్కకి ఒరిగిన చప్పుడు, పెద్ద నిట్టూర్పు, సంతలో గంప దించినప్పుడు విడిచే నిట్టూర్పు లాంటిది. ఊపిరి నిదానమైంది.

అంతలో బిళ్ళల మధ్య ఠంగుమంది. స్పీకరు ఉత్తిగా గుయ్యిమంటోంది. పూసయిపోయింది.

సుబా దీపం వేయలేదు. నేనూ వేయమనలేదు. చీకట్లోనే తను అంది, "పేలిక. నాలుగు మడతలు."

"ఊఁ" అన్నాను.

ఆ నలభయ్యో రోజున నేను చూసింది ఒక్క క్షణంలో పోయిన మనిషిని కాదు. జవాబు విని, వస్తున్నారు కదా అని పడుకున్న మనిషిని.

సోమవారం పెద్దమనుషులొచ్చారు. సుబా వాళ్ళ ముందు గాజుపూస పెట్టి, తను రాసుకొచ్చింది చదివింది. ఈ చప్పుడు ఆదిమానవుడిది కాదు, వడ్డె మద్దమ్మది, వయసు ఇరవై రెండు, తెల్లపొడి గవిలో కూలిమనిషి, నా అమ్మమ్మ అని. తలుపు వేసుకుని తనే వేడి చేశానని కూడా దాచకుండా చెప్పింది. సారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుర్చీలో కూర్చుని చేయి నీళ్ళ గ్లాసులో పెట్టుకున్నాడు, అంతే. నెల తిరక్కుండా షెడ్డు మూసేశారు. సుబా ఇప్పుడు నంద్యాలలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతోంది. శనివారం వచ్చి నా అంట్లు తోమి పోతుంది. పొడి మాత్రం కొని తెస్తుంది, నీలం ప్యాకెట్టు. లోయ పొడితో తోమనీదు నన్ను.

పూస నా దగ్గరే ఉంది. గురిగింజంత ఉంటుంది. చెవికి పెట్టుకుంటే ఏమీ చెప్పదు.

ఒకటే నన్ను తినేస్తుంది. ఒకసారి "లేదు" అని అబద్ధం చెప్పాను, మా చెల్లెల్ని మట్టిలో వదిలేశాను. రెండోసారి "వస్తాండాం" అని కొట్టాను. ఎవరూ రాలేదు కదా. అది కళ్ళు మూసుకుని ఎంతసేపు ఎదురు చూసిందో. మొదటిదానికంటే ఈ రెండోది మంచి అబద్ధమా, పెద్ద అబద్ధమా? సుబాని అడిగాను. "నాకు తెలియదవ్వా" అంది. చదువుకున్నదానికే తెలియకపోతే నాకేం తెలుస్తుంది?

కర్నూలు డాక్టరు మొన్న నా రొమ్ము ఫొటో తీసి వెలుతురుకి పెట్టి చూపించాడు. రెండు పక్కలా తెల్లగా, పిండి చల్లినట్టు. ఇంక రాలడానికి చోటు లేదమ్మా అన్నాడు, నవ్వించడానికి. సుబా మొహం తిప్పుకుంది. నాకు దిగులేమీ వేయలేదు. ఆ పొడి నాకు కొత్తా?

ఇప్పుడు ఊపిరి బిగుసుకున్నప్పుడల్లా మంచం కోడు మీద వేళ్ళతో కొడుతుంటాను. సుబా చూస్తే మూడు కొట్టి రెండు కొడుతున్నాననుకుంటుంది, సాయానికి పరిగెత్తుకొస్తుంది. కాదే పిచ్చిదానా, లెక్కపెట్టు సరిగ్గా. రెండు కొట్టి, ఆగి, మూడు. మాటిచ్చాను కదా దానికి. దారిలో ఉండానని చెప్తాండాను.